అబద్ధానికి అపాస్ట్రఫీ

సార్ పోయారన్న కబురు వాట్సాప్‌లో వచ్చింది. పంపింది నరేశన్న. అమీర్‌పేటలో ఒకప్పుడు నరేశన్న నడిపిన కన్సల్టెన్సీలో రెజ్యూమ్‌లు చేయించుకున్న మా అందరి గ్రూప్ అది. ఉద్యోగాలొచ్చాక దాంట్లో ఎవరూ మాట్లాడరు, ఎవరూ బయటికీ పోరు. ఇంగ్లిష్‌లో మూడే ముక్కలు: సర్స్ నో మోర్. ఆర్‌కీ ఎస్‌కీ మధ్య అపాస్ట్రఫీ, పైన పెట్టే ఆ చిన్న పుల్ల, ఉంది.

నేను ముందు ఆ అపాస్ట్రఫీ సరైన చోట ఉందా లేదా అని చూశాను. ‘సర్ ఈజ్’ని కుదిస్తే అలాగే రాయాలి, బాగానే ఉంది అనుకున్నాను. మనిషి పోయారన్న సంగతి ఆ తర్వాతే లోపలికి దిగింది. సిగ్గేసింది. అయితే నా స్థానంలో ఆయన ఉన్నా ఇదే వరసలో చేసి ఉండేవారు.

నేను బీటెక్ పట్టా పట్టుకుని నల్లగొండ నుంచి అమీర్‌పేటకు వచ్చేసరికి మెట్రో కొత్తగా తిరుగుతోంది. హాస్టల్ గదిలో నలుగురం. పొద్దున జావా క్లాసు, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం టీ కొట్టు దగ్గర భవిష్యత్తు గురించి చర్చ. ఏ కంపెనీకి పోయినా అనుభవం ఎంత అని అడిగేవాళ్లు. అనుభవం లేకపోతే ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకపోతే అనుభవం ఎట్లా వస్తుందో చెప్పేవాళ్లు లేరు. చెప్పిన ఒకే ఒక్కడు నరేశన్న. మెట్రో స్టేషన్ వెనక సందులో, జిరాక్స్ షాపు మీద మూడో అంతస్తులో ఆయన ఆఫీసు.

“రెండేండ్లది గావాల్నా, మూడేండ్లదా?” అని అడిగాడు నన్ను, చొక్కా సైజు అడిగినట్టు.

నేను మూడేళ్లది కావాలన్నాను. నరేశన్న ఒక కంపెనీ పేరు చెప్పాడు, నేను చేసిన ప్రాజెక్టులేమిటో చెప్పాడు, నా మేనేజర్ ఎట్లాంటివాడో కూడా చెప్పాడు. అరగంటలో నాకు మూడేళ్ల గతం తయారైంది. “ఇగ కాయితం సార్‌కు ఇయ్యి. ఇంగ్లిష్ ఆయన జూస్తడు” అని కిటికీ వైపు చూపించాడు.

కిటికీ దగ్గర చిన్న బల్ల ముందు యాభై దాటిన మనిషి. తెల్ల పొట్టిచేతుల చొక్కా, తాడుతో మెడకు వేలాడే కళ్లజోడు, చేతిలో ఎర్ర పెన్ను. కుడి బొటనవేలి గోరు మాత్రం అర అంగుళం పెంచారు. చదివేటప్పుడు ఆ గోటిని వాక్యం కింద జరుపుకుంటూ పోయేవారు. నా కాగితం మీద మొదటి వాక్యంలోనే గోరు ఆగిపోయింది.

“ఇది నువ్వు రాశావా బాబూ?”

“లేదు సార్. మా రూమ్మేట్‌ది చూసి రాసిన.”

“అతను ఎవరిది చూశాడు?”

“ఏమో సార్.”

“ఎవడో ఒకడు ఎప్పుడో మొదటిసారి ఇట్లా రాశాడు. అమీర్‌పేట మొత్తం వాడి సంతానమే.” ఆయన కాగితం నా వైపు తిప్పారు. “త్రీ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్ అని రాశావు. ఇయర్స్‌లో ఎస్‌కి ముందు అపాస్ట్రఫీ పెట్టావు. అంటే ఒక్క సంవత్సరానిదే ఆ అనుభవం. పక్కన చూస్తే మూడు అని ఉంది. ఏది నమ్మమంటావు?”

“ఏదీ నమ్మకండి సార్. నేను ఫ్రెషర్‌ని” అన్నాను బెదిరిపోయి.

ఆయన నవ్వలేదు. “అది నాకు సంబంధం లేని విషయం. అది నరేష్ డిపార్ట్‌మెంటు” అన్నారు. “ఎస్ తర్వాత పెట్టాలి. అప్పుడే ఆ అనుభవం మూడు సంవత్సరాలకీ చెందుతుంది. ఆ మూడు సంవత్సరాలూ నీవి కావు, అది వేరే సంగతి.”

ఎర్ర పెన్నుతో పాతదాన్ని కొట్టేసి కొత్తది పెట్టారు. తర్వాత ‘బ్యాచిలర్స్ డిగ్రీ’లో ఒకటి పెట్టారు. ‘క్లయింట్స్’ దగ్గర ఉన్నది పీకేశారు. ఏది ఎందుకో ఒక్కొక్కటీ విడమరిచి చెప్పారు. అరగంటలో అబద్ధాన్ని తయారు చేసింది నరేశన్న అయితే, గంటసేపు కూర్చుని దానికి ఇస్త్రీ చేసింది సార్.

ఆ తర్వాత నాకు ఆయన దగ్గరికి ఊరికే పోవడం అలవాటైంది. హాస్టల్లో చేసే పనేమీ లేదు, ఆయన మాటలు వింటుంటే పొద్దు తెలిసేది కాదు. ఆయనతో అమీర్‌పేట రోడ్డు మీద నడవడం మాత్రం కష్టం. రెండు వందల అడుగుల దూరానికి ఇరవై నిమిషాలు పట్టేది. మెట్రో స్తంభాలకు అంటించిన ‘రూమ్స్ అవైలబుల్’ కాగితం కనిపిస్తే ఆగేవారు. అందులో తప్పకుండా ఒక అపాస్ట్రఫీ ఉండేది. ఎవరూ చూడట్లేదని రూఢి చేసుకుని గోటితో దాన్నొక్కదాన్నే గీకేసేవారు. కాగితం చిరగకూడదు, పక్కనున్న అక్షరానికి దెబ్బ తగలకూడదు. గోరు పెంచింది అందుకేనని నాకు అప్పుడు అర్థమైంది.

మేము టిఫిన్ చేసే చోట బోర్డు మీద కూడా ‘టిఫిన్స్’కు ఆ తోక ఉండేది. మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన ప్లేట్లు తెచ్చినతన్ని నిలబెట్టి, “బోర్డు మీద టిఫిన్ యొక్క అని రాశారు. టిఫిన్ యొక్క ఏంటయ్యా?” అని అడిగారు.

“చట్నీ, సాంబారు సార్” అన్నాడతను.

సార్ ఒక్క క్షణం ఆలోచించి, “సరే, వాక్యం పూర్తయింది. పెట్టు” అన్నారు.

ఈ పిచ్చి వల్ల ఒకసారి పీకలమీదికి వచ్చింది. మా సందు చివర ఆడపిల్లల హాస్టల్ బోర్డులో ‘లేడీస్’ అనే మాటను ‘ఈ’ అక్షరం తర్వాత విరిచి, తోక పెట్టి, ఎస్ రాశారు. సార్ వాచ్‌మన్ దగ్గరికి పోయి, “లోపల ఒక్క అమ్మాయే ఉంటుందా?” అని అడిగారు. వాచ్‌మన్ ఎనభై మంది ఉన్నారని చెప్పాడు. “ఖచ్చితంగా తెలుసా?” అన్నారు సార్. వాచ్‌మన్ లోపలికి పోయి, ఎవరో ముసలాయన ఎంతమంది ఆడపిల్లలున్నారని ఆరా తీస్తున్నాడని వార్డెన్‌కు చెప్పాడు. ఐదు నిమిషాల్లో సార్ చుట్టూ గుంపు చేరింది. నరేశన్న పరుగెత్తుకొచ్చి దండాలు పెట్టి విడిపించాడు.

“ఏంది సార్ గిది? ఇజ్జత్ పోతుండె గద!” అన్నాడు దారిలో.

“అందులో ఒక్క లేడీ కూడా సరిగ్గా లేదు నరేష్. స్పెల్లింగే తప్పు” అన్నారు సార్.  

ఇంగ్లిష్ ఒక్కటే అనుకుంటే పొరపాటు. తెలుగులో ‘యొక్క’ అన్న మాట వింటే ఆయన ముఖం మాడిపోయేది. అక్కర్లేని చోట తగిలించడంలో అపాస్ట్రఫీకి అది అక్క అనేవారు. ఆదివారాలు పంజాగుట్టలో ఒక చర్చికి వెళ్లేవారు. ఒక సోమవారం చాలా దిగులుగా కనిపిస్తే ఏమైందని అడిగాను.

“నిన్న పాస్టరు గారి ప్రార్థనలో ఇరవై మూడు యొక్కలు వచ్చాయి బాబూ. మా యొక్క పాపములను నీ యొక్క కృప యొక్క... కళ్లు మూసుకుని లెక్కపెడుతూ కూర్చున్నాను. ఆయన మంచివాడు. దేవుడు క్షమిస్తాడు. నా వల్లే కావట్లేదు.”

ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. “సార్, కాగితం మొత్తం అబద్ధమే కదా. ఆ పుల్ల ఎక్కడుంటే ఏంది?”

ఆయన పెన్ను పక్కన పెట్టారు.  “అందుకే” అన్నారు. మళ్లీ పెన్ను తీసుకుని తర్వాతి కాగితం ముందుకు లాక్కున్నారు.

నా ఇంటర్వ్యూ పంజాగుట్టలో ఒక కంపెనీలో జరిగింది. ఎదురుగా నలభై ఏళ్ల మేడం ఒక్కరే ఉన్నారు. జావా గురించి రాత్రింబవళ్లు బట్టీ పట్టి పోయాను. ఆవిడ జావా ఊసెత్తలేదు. నా రెజ్యూమ్ బల్ల మీద పెట్టి, పక్కన ఇంకో ఆరు కాగితాలు పేర్చారు.

“ఈ నెలలో మీరు ఏడో మనిషి” అన్నారు. “మా దగ్గరికి వచ్చే వందమందిలో తొంభై మందికి పైగా ఈ ఇయర్స్ అన్న మాట తప్పు రాస్తారు. మీ ఏడుగురే సరిగ్గా రాశారు. ఏడుగురూ ఒకే కంపెనీలో పనిచేశామన్నారు. నేను మనిషిని పంపి కనుక్కున్నాను. ఆ అడ్రసులో బిర్యానీ హోటల్ ఉంది.”

 లేచి నిలబడ్డాను.

“ఆగండి. పోయేముందు ఒక్కటి చెప్పండి. ఈ అపాస్ట్రఫీ ఇక్కడ ఎందుకు పెట్టారు? మిగతా ఆరుగురికీ తెలియదు.”

నాకు తెలుసు. నిలబడే చెప్పడం మొదలుపెట్టాను. ఒక సంవత్సరమైతే ఎక్కడ, మూడైతే ఎక్కడ, మధ్యలో ‘ఆఫ్’ వస్తే ఎందుకు అక్కర్లేదు, ‘లేడీస్’ హాస్టల్ బోర్డు ఎందుకు తప్పు. పది నిమిషాలు చెప్పాను. జావా గురించి నేనెప్పుడూ అంత ధీమాగా మాట్లాడలేదు.

“జావా వచ్చా?” అన్నారావిడ.

“అంతగా రాదు మేడం.”

“అనుభవం?”

“లేదు మేడం.”

ఆవిడ సొరుగులోంచి ఒక పాత యూజర్ మాన్యువల్ తీసి రెండు పేజీలు నా ముందు పడేశారు. తప్పులు పట్టమన్నారు. పద్నాలుగు పట్టాను. ఒక వారం తర్వాత ఆ కంపెనీలోనే, ఫ్రెషర్‌గా, మాన్యువల్స్ రాసే టీమ్‌లో ఉద్యోగం ఇచ్చారు. ఆ పాత రెజ్యూమ్‌ను నా కళ్లముందే చింపేశారు. ఇప్పటికీ అదే పని చేసుకుని బతుకుతున్నాను.

స్వీట్ల డబ్బా పట్టుకుని సార్ దగ్గరికి పరుగెత్తాను. జరిగిందంతా చెప్పాను. మా అబద్ధం బయటపడిందన్న మాట ఆయన చెవికి ఎక్కనే లేదు.

“ఆవిడ గమనించిందా!” అన్నారు. ఆయన ముఖంలో అంత వెలుగు నేను మళ్లీ చూడలేదు. “ఏ ఊరావిడ? ఎక్కడ చదువుకుందట? ‘బ్యాచిలర్స్’ది కూడా చూసిందా?”

నరేశన్నకు మాత్రం విషయం వెంటనే అర్థమైంది. ఆయన స్వీటు నోట్లో పెట్టుకోలేదు.

ఆయన భయపడ్డట్టే అయింది. ఆ మేడం తోటి వాళ్లకు చెప్పారు, వాళ్లు ఇంకొకరికి చెప్పారు. రెండు నెలల్లో ఊళ్లో చాలా కంపెనీల్లో ఒక కొత్త పద్ధతి వచ్చింది. రెజ్యూమ్‌లో అపాస్ట్రఫీలు సరిగ్గా ఉంటే అది అమీర్‌పేట సరుకు. తప్పుంటే పాపం నిజాయితీగా రాసుకున్నాడన్నమాట. నరేశన్న పంపిన పిల్లలు పోయినవాళ్లు పోయినట్టే వెనక్కి రావడం మొదలైంది.

నేను శనివారాలు సార్‌ని చూడ్డానికి పోయేవాణ్ణి. ఒక శనివారం నరేశన్న ఆయన ముందు కుర్చీ వేసుకుని బతిమాలుతున్నాడు.

“సార్, జర అర్థం జేస్కోరి. గా పుల్ల ముందల పెట్టుర్రి, ఎనక పెట్టకుర్రి. గంతే. దునియా ఏమన్న మునుగుతదా?”

“కావాలంటే ‘ఆఫ్’ పెట్టి రాస్తాను. అపాస్ట్రఫీతో పనే ఉండదు.”

“మరి బ్యాచిలర్స్‌కు? గాడ సుత పట్టుకుంటున్నరు సార్. మస్తు పరేషాన్ల ఉన్న. తప్పులు రాయుర్రి, తప్పులు గావాలె మనకు.”

సార్ మెల్లగా అన్నారు: “అబద్ధం రాయమన్నావు నరేష్, రాశాను. ఇప్పుడు తప్పు రాయమంటున్నావు.”

“రెండు ఒక్కటే గద సార్!”

సార్ ఎర్ర పెన్ను తీసుకుని ముందున్న కాగితం మీదికి వంగారు. నేను తల దించుకున్నాను. ఆ మేడంకి పది నిమిషాలు పాఠం చెప్పి వచ్చింది నేనే. చెప్పకుండా లేచి వచ్చేసి ఉంటే, ఆవిడకు అదేదో కాకతాళీయంగా కుదిరిందని అనిపించేదేమో.

ఇంకో రెండు శనివారాలు పోయాక స్వప్న వచ్చింది. వరంగల్ అమ్మాయి. నెల కిందట తన రెజ్యూమ్‌లో ఇంగ్లిష్ దిద్దించుకోవడానికి మాత్రమే వచ్చిందట. మెట్లెక్కిన ఆయాసంతో సార్ బల్ల ముందు నిలబడింది.

“గుర్తువట్టిండ్రా సార్?”

“గుర్తుందమ్మా. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. నీ దాంట్లో కామాలు బాగా ఉన్నాయి.”

“నాలుగు కంపెనీలు దిరిగిన సార్. అడిగినవన్ని మంచిగనే చెప్పిన. ఆఖరుకు కాయితం దిక్కు జూసి, అమీర్‌పేటల చేయించినవా అని నవ్వుతున్నరు.” కాగితం బల్ల మీద పెట్టింది. “నాది ఉత్తుత్తిది గాదు సార్. నిజంగనే రెండేండ్లు జేసిన. మా కంపెనీ మూతవడ్డది. ఫోన్ జేసి అడుగుదామంటే ఎత్తెటోళ్లు లేరు. ఉన్నది గా కాయితం ఒక్కటే. మీరు దిద్దకముందే మంచిగుండె సార్.”

  సార్ కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. ఆ బల్ల మీదికి వచ్చిన వందల కాగితాల్లో ఆయన దిద్దిన నిజం బహుశా అదొక్కటే. దాన్నే ఎవరూ నమ్మలేదు.

ఆయన లేచి కంప్యూటర్ దగ్గరికి వెళ్లారు. ఎప్పుడూ కాగితం మీద దిద్దడమే గానీ ఆయన ఆ కుర్చీలో కూర్చోవడం నేను చూడలేదు. స్వప్న ఫైలు తెరవమన్నారు, నేను తెరిచాను. ఒక్క వేలితో కీబోర్డు మీద వెతుక్కుంటూ ‘ఇయర్స్’లో ఎస్ తర్వాత ఉన్నదాన్ని చెరిపేశారు. బాణం గుర్తు నొక్కి ఒక అక్షరం వెనక్కి వచ్చారు. వేలు గాలిలోనే ఉండిపోయింది.  టక్కుమని అపాస్ట్రఫీ నొక్కారు. ఆర్‌కీ ఎస్‌కీ మధ్య పడింది. తర్వాత ‘బ్యాచిలర్స్’లోది తీసేశారు.

ప్రింట్ తీసిన కాగితాన్ని అలవాటు ప్రకారం గోటితో చదివారు. మొదటి వాక్యంలో గోరు ఆగింది. కాసేపటికి అదే ముందుకు జరిగింది.

“తీసుకో అమ్మా. నీది నిజం. గట్టిగా చెప్పు” అని స్వప్న చేతిలో పెట్టారు.

ఆ అమ్మాయి మెట్లు దిగాక ఎర్ర పెన్నుకు మూత పెట్టి నరేశన్న బల్ల మీద ఉంచారు. గొడుగు తీసుకున్నారు. “వస్తాను” అన్నారు. సోమవారం రాలేదు, మళ్లీ ఎప్పుడూ రాలేదు. నరేశన్న రెండుసార్లు ఇంటికి పోయి బతిమాలాడు. “టీ ఇచ్చిండు, మంచిగ మాట్లాడిండు, రానన్నడు” అని చెప్పాడు నాకు. కొన్నాళ్లకు ఆయనా ఆ ఆఫీసు ఎత్తేసి మొబైల్ కవర్ల దుకాణం పెట్టుకున్నాడు.

సార్‌ని నేను చివరిసారి చూసింది పంజాగుట్ట మెట్రో మెట్ల దగ్గర. మధ్యలో మూడేళ్లు గడిచాయి. ఏదో ఆస్పత్రి నుంచి వస్తున్నారు, చంకలో పరీక్షల ఫైలు ఉంది. సగమైపోయారు. చొక్కా భుజాల మీద నిలవడం లేదు. ఆరోగ్యం గురించి అడిగితే చెయ్యి ఊపేశారు.

“ఆ వరంగల్ అమ్మాయికి ఉద్యోగం వచ్చిందా?”

“వచ్చింది సార్. ఆ నెలలోనే వచ్చింది. ఇప్పుడు ఇంకో కంపెనీలో ఉంది, లీడ్ అయింది.”

ఆయన తలాడించారు. మెట్ల పక్కన జనం తోసుకుంటూ పోతున్నారు. “మరి దాన్ని సరిచేసుకుందా?” అన్నారు.

దేన్ని అని నేను అడగలేదు. అక్కడే ఫోన్ తీసి స్వప్నకు చేశాను. మీటింగ్‌లో ఉన్నానంది. సార్ పక్కనే ఉన్నారని చెప్పగానే, “ఒక్క నిమిషం అన్న” అంటూ కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. ఫోన్ సార్‌కి ఇచ్చాను. స్పీకర్ పెట్టి ముఖానికి దగ్గరగా పట్టుకున్నారు.

“అమ్మా, నీ రెజ్యూమ్‌లో ఆ వాక్యం ఇప్పుడెట్లా ఉంది?”

“గట్లనే ఉన్నది సార్. ఏండ్లు మారుస్తున్న గని పుల్ల గాన్నే ఉంచిన. గదే నాకు అచ్చొచ్చింది. ముట్టుకుంటె భయమైతది.”

సార్ కళ్లు మూసుకున్నారు. “నీకిప్పుడు దానితో పనిలేదమ్మా. ఇక మార్చెయ్.”

“ఇప్పుడే మార్చాల్నా సార్?”

“ఇప్పుడే. ‘బ్యాచిలర్స్’లో కూడా.”

కీబోర్డు చప్పుడు మాకు వినిపించింది. పైన రైలు వచ్చి ఆగి పోయింది.

“మార్చిన సార్.”

“సేవ్ చేశావా?”

“చేసిన.”

“ఒకసారి మూసి, మళ్లీ తెరిచి చూడు.”

ఆవిడ మూసి, తెరిచి, అక్షరం అక్షరం చదివి వినిపించింది. ఆయన గోటితో గాలిలో ఒక్కొక్క అక్షరం కింద గీత గీసుకుంటూ విన్నారు. అంతా అయ్యాక ఫోన్ నా చేతిలో పెట్టి, ఫైలు చంకలోకి సర్దుకుని, “అమ్మయ్య” అన్నారు. అన్నాక కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కుతూ పైకి వెళ్లిపోయారు.